తీగచుట్టలో ఇమిడిన హాలు

సిరిసిల్లలో మరమగ్గముల షెడ్డులో మొదటిసారి అడుగుపెట్టినవారికి చెవులు దిమ్మెక్కును. పక్కనున్న మనిషి పెదవులు కదలుట కనబడునే కాని మాట వినబడదు. అక్కడ పనిచేయువారు సగము మాటలు సైగలతోనే నడుపుకొందురు. అయితే ఆ షెడ్డులో నన్ను ఆకర్షించినది మగ్గములు నడుచునపుడు కలుగు చప్పుడు కాదు, అవి ఆగిన తరువాత మిగిలిన చప్పుడు. ఒక మధ్యాహ్నము కరెంటు పోయినది. మగ్గములు రెండు మూడు దెబ్బలు కొట్టి నిలిచిపోయినవి. కాని షెడ్డు వెంటనే నిశ్శబ్దము కాలేదు. పైకప్పు రేకుల క్రింద, గోడల మధ్య ఆ చప్పుడు గుంయిమని ఒక్క క్షణము తిరిగి, సన్నగిలి, ఆ తరువాత గాని పోలేదు.

మగ్గము ఆగినది, చప్పుడు ఆగలేదు. ఈ మిగిలిన చప్పుడునకే ప్రతినాదము అని పేరు. దీనిని ఇంటిలోను బడిలోను చేతికి దొరికిన ఇనుప సామానుతో మనమే తయారుచేయవచ్చును. పెద్ద హాలులో కలుగు నాదమును ఒక గరిటెలో, ఒక నూనెడబ్బా రేకులో, ఒక తీగచుట్టలో వినవచ్చును. ఇంత చిన్న వస్తువులో అంత పెద్ద హాలు ఎట్లు ఇముడునో తెలిసికొనుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

ప్రతిధ్వని వేరు, ప్రతినాదము వేరు

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. రెండు చప్పుళ్లు విడివిడిగా వినబడవలెనన్న వాటి మధ్య దాదాపు పదవ వంతు సెకను ఎడము కావలెను. ఆ కాలములో ధ్వని 34 మీటర్లు పోవును కాబట్టి, 17 మీటర్ల దూరముననున్న గుట్టకు గాని గోడకు గాని ఎదురుగా నిలిచి చప్పట్లు కొట్టినచో ఆ చప్పట్లు తిరిగి విడిగా వినబడును. ఇది ప్రతిధ్వని. పల్లెలో పిల్లలందరు ఎరిగినదే.

గోడలు ఇంకను దగ్గరగా ఉన్నపుడు ఏమగును? చప్పుడు ఒక గోడనుండి రెండవ గోడకు, అక్కడనుండి పైకప్పునకు, పైకప్పు నుండి నేలకు, ఇట్లు సెకనులో పదులకొలది పర్యాయములు తిరుగును. ప్రతి తాకిడిలోను గోడ కొంచెము మింగును, మిగిలినది తిప్పి పంపును. ఇన్ని ప్రతిధ్వనులు ఒకదాని తోకను ఒకటి పట్టుకొని వచ్చుటచే చెవి వాటిని విడదీయలేదు. ఒకే చప్పుడు మెల్లగా చచ్చిపోవుచున్నట్లు తోచును. ఇదియే ప్రతినాదము.

దీనిని మొదట కొలిచిన ఘనుడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున యువ ఉపాధ్యాయుడైన వాలెస్ సబైన్. 1895లో ఆ విశ్వవిద్యాలయము వారు కట్టించిన ఫాగ్ మ్యూజియములోని ఉపన్యాసశాలలో ఒక్క ముక్కయు అర్థము కాకుండెను. పలికిన మాట 5 సెకన్లకు పైగా గదిలో తిరుగుచుండెను. ఆ లోపల వక్త మరి పది పదిహేను మాటలు పలుకును గదా! సబైన్ చేసిన ప్రయోగము చాల సాదాది. రాత్రివేళ, వీధులు సద్దుమణిగిన పిమ్మట, ఒక ఆర్గాను గొట్టమును ఊది, హఠాత్తుగా ఆపి, చప్పుడు పూర్తిగా వినబడకుండ పోవు వరకు గడియారముతో కాలము కొలుచుట. తరువాత పక్కనున్న నాటకశాల నుండి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా గదిలో పరచి మరల కొలుచుట. తెల్లవారులోగా ఆ మెత్తలన్నియు తిరిగి నాటకశాలకు చేర్చవలెను. సిరిసిల్ల షెడ్డులో కరెంటు పోయినపుడు జరిగినది సరిగా ఈ ప్రయోగమే. గొట్టమునకు బదులు మగ్గములు, అంతే భేదము.

ధ్వని తీవ్రత పది లక్షవ వంతునకు, అనగా 60 డెసిబెల్లు తగ్గుటకు పట్టు కాలమును ప్రతినాద కాలము అందురు. ఈ కొలత మనకు ముందు ముందు పనికివచ్చును.

గరిటె, బిందె

ఇక చేతిపని. ఒక స్టీలు గరిటెకు మూరెడు పొడవుగల దారపు నడిమిభాగమును ముడివేసి, దారపు కొనలను రెండు చూపుడువ్రేళ్లకు చుట్టుకొని, ఆ వ్రేళ్లను చెవులలో ఆనించుకొనుడు. ముందుకు వంగి గరిటెను బల్ల అంచునకు తగిలింపుడు. తరగతిలో మిగిలిన వారికి టక్కుమని వినబడిన ఆ చప్పుడు మీకు గుడిగంటవలె గంభీరముగా మోగి చాలసేపు నిలుచును. గరిటె ఎప్పుడును ఇట్లే మోగుచున్నది. దాని పలుచని ఒళ్లు గాలిని బాగుగా కదల్చలేదు కాబట్టి మనము వినలేదు. దారము ఆ కంపనములను గాలితో పని లేకుండ నేరుగా చెవికి చేర్చినది.

ఇదే పని కట్టెగరిటెతో చేసిన యెడల టక్కుమని చప్పుడు ఒక్కసారి వినబడి ఊరకుండును. కట్టె తనలో కలిగిన కంపనమును లోలోపల రాపిడిచే వేడిగా మార్చి త్వరగా మింగివేయును. ఉక్కు, కంచు చాల తక్కువ మింగును. సీసము కూడ లోహమే, కాని దానిని కొట్టిన మట్టిబెడ్డను కొట్టినట్లుండును. మన ప్రయోగములన్నిటికిని ఉక్కును ఎంచుకొనుటకు కారణము దాని ఈ లోభిగుణమే. తనలోనికి వచ్చిన కంపనమును అది త్వరగా ఖర్చు చేయదు.

ఇక్కడ ఒక పొరపాటును తీర్చవలెను. ఖాళీ బిందెలో మూతిపెట్టి కూత పెట్టిన కలుగు బొంయిమను నాదమును చాలమంది, కొందరు ఉపాధ్యాయులతో సహా, బిందె లోహము మోగుటగా తలతురు. బిందెకు బయట తడిబట్ట గట్టిగా చుట్టి మరల కూతపెట్టి చూడుడు. ఆ నాదము దాదాపు తగ్గదు. అదే బిందెను ఇప్పుడు వ్రేలితో కొట్టి చూడుడు, మ్రోత చచ్చిపోయి ఉండును. కూతకు పలికినది లోపలి గాలి, దెబ్బకు పలికినది లోహము. లోపలి గాలి పలుకుట ప్రతినాదము కాదు, అనునాదము. అది తనకు నచ్చిన ఒక్క స్వరమునకే పలుకును. బిందెలో నీరు పోయుచున్న కొలది ఆ స్వరము హెచ్చుచుండును, అందుచేతనే నల్లా దగ్గర బిందె నిండవచ్చినదని చూడకనే చెప్పగలము. ప్రతినాదమునకు అట్టి పక్షపాతము ఉండరాదు. పలికిన ప్రతి స్వరమును కొంతసేపు నిలుపవలెను. అందుకు బిందెకంటె రేకు మేలు, రేకుకంటె స్ప్రింగు చిత్రమైనది.

నూనెడబ్బా రేకు

15 కిలోల నూనెడబ్బా పైమూత, అడుగు తీయించి, నిలువుగా కోయించి చదును చేయించిన యెడల దాదాపు 94 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు గల రేకు వచ్చును. అంచులు కత్తివలె ఉండును. రేకుపని చేయువానిచేతనే అంచులు మడిపించవలెను, పిల్లలచేత కోయించరాదు. పై అంచున రెండు రంధ్రములు చేయించి దారముతో వ్రేలాడదీయుడు.

ఒక సన్నని కర్రపుల్ల కొనను రేకునకు ఆనించి, రెండవ కొనను చెవి ముందరి ఎముకకు ఆనించుకొనుడు. మరొకరు రేకునకు ఎదురుగా నిలిచి గట్టిగా ఒక స్వరము పాడి హఠాత్తుగా ఆపవలెను. పాట ఆగిన తరువాత రేకులో ఆ స్వరపు నీడ ఇంకను తిరుగుచుండుట వినబడును. స్వరము మార్చి పాడిన, ఆ కొత్త స్వరమే మిగులును. మొదటిసారి వినినపుడు రేకులో ఎవరో దాగి వెక్కిరించుచున్నట్లుండును.

రేకు ఇన్ని స్వరములకు ఎట్లు పలుకును? కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీలు తునికాకును ఒకే కొలతకు కత్తిరించుటకు ఒక చిన్న లోహపు రేకును ఆకుపై నుంచి కోయుదురు. దానిని దారమున కట్టి కొట్టిన టింగుమని ఒక్క సన్నని స్వరము పలుకును. 10 చదరపు సెంటీమీటర్ల వైశాల్యము, 1 మిల్లీమీటరు మందముగల ఉక్కురేకునకు లెక్కకట్టి చూచినచో సెకనుకు 3000 కంపనముల ఎడమున ఒక్కొక్క సహజస్వరము వచ్చును. మన నూనెడబ్బా రేకు మందము 0.3 మిల్లీమీటరు అనుకొనిన యెడల, ప్రతి 100 కంపనముల ఎడములోను 30కి పైగా సహజస్వరములు ఇమిడియుండును. మీరు ఏ స్వరము పాడినను దానికి దగ్గరగా పలుకుటకు రేకులో ఒకటి సిద్ధముగా నుండును. వైశాల్యము పెరిగినను, మందము తగ్గినను ఈ సంఖ్య పెరుగును. పాత నాటకములలో ఉరుము పుట్టించుటకు తెరవెనుక పెద్ద పలుచని రేకును ఊపుటలోని రహస్యము ఇదియే.

రేకులో మరియొక వింత కలదు. గాలిలో బొంగురు గొంతును కీచుగొంతును ఒకే వేగముతో పోవును. రేకు వంగుచు పోవు తరంగములో అట్లు కాదు. కంపనముల సంఖ్య నాలుగు రెట్లయిన వేగము రెండు రెట్లగును. మన రేకులో సెకనుకు 250 కంపనములు గల ధ్వని శక్తి సెకనుకు సుమారు 53 మీటర్లు, 1000 కంపనములు గలది 106 మీటర్లు, 4000 గలది 212 మీటర్లు పోవును. కీచుధ్వని ముందు చేరి, బొంగురుధ్వని వెనుక చేరును. ఉక్కు స్తంభములను పట్టియుంచు పొడవైన తీగను కొట్టిన చియ్యుమని పైనుండి క్రిందికి జారు చప్పుడు ఇందుచేతనే కలుగును. 1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రములో ఆయుధముల చప్పుడును బెన్ బర్ట్ అను శబ్దశిల్పి రేడియో స్తంభపు తీగను సుత్తితో కొట్టి పట్టెను. మన విద్యార్థులు దీనిని కరెంటు స్తంభపు స్టే వైరుపై ప్రయత్నించరాదు. ఇది గట్టిగా చెప్పవలసిన మాట.

రేకు ప్రతినాదమును వ్యాపారమునకు తెచ్చినవారు జర్మనులు. 1957లో ఇ.ఎం.టి. సంస్థ చేసిన యంత్రములో రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, అర మిల్లీమీటరు మందముగల ఉక్కురేకును చట్రములో బిగించి వ్రేలాడదీసిరి. ఒకచోట పాటను కంపనముగా ఎక్కించి, మరియొక చోట దించుకొందురు. చట్రముతో సహా దాని బరువు రెండున్నర క్వింటాళ్లకు పైమాటే. అయినను రికార్డింగు సంస్థలు సంతోషముగా కొనినవి. అంతకుముందు ప్రతినాదము కావలెనన్న వారికి ఖాళీ గదియే గతి. 1947లో షికాగోలో బిల్ పుట్నం అను ఇంజనీరు ఒక పాట రికార్డునకు స్నానపుగదిని వాడుకొనెను. స్నానపుగదిలో పాడినపుడు గొంతు బాగున్నట్లు మనకు తోచుట ఎంత సామాన్యమో, దానిని ఒక వృత్తిగా మలచుట అంత తెలివి.

స్ప్రింగు చేసిన మోసము

స్ప్రింగు విషయమున నేను మొదట తప్పుదారి పట్టితిని. సిరిసిల్లలో పాతసామాను దుకాణములో మగ్గము నుండి తీసిన ఒక బలమైన స్ప్రింగు దొరకినది. 150 గ్రాముల బరువుండెను. దాని రెండు కొనలకు రెండు రేకుడబ్బాలు తగిలించి ఒకదానిలో మాటలాడి మరొకదానిలో వినగా మాట వచ్చినదే కాని ప్రతినాదము పేరునకైనను లేదు. ఉక్కు మంచిదే, చుట్లు ఉన్నవి, తప్పెక్కడ?

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న వేసికొనవలెను. ఉక్కుకడ్డీలో ధ్వని సెకనుకు 5000 మీటర్ల వేగముతో, గాలిలోకంటె దాదాపు 15 రెట్లు వేగముగా పోవును. ఆలస్యము కలిగింపవలసిన పనికి ఇంత తొందరపాటు లోహమును పెట్టుకొనుట తెలివియేనా? పెద్ద హాలులోని ఆలస్యము, అనగా ఒక 30 మిల్లీసెకన్లు, కడ్డీలో కావలెనన్న 150 మీటర్ల కడ్డీ కావలెను.

దీనికి జవాబు చుట్టలో ఉన్నది. తీగను చుట్టగా చుట్టి ఒక కొనను లాగినపుడు తీగ తాను సాగదు, మెలిపడును. ప్రతి చుట్టు కొద్దిగా మెలిపడినను, చుట్లన్నియు కలసి స్ప్రింగును చాల పొడవునకు సాగనిచ్చును. కావున అదే ఉక్కు, చుట్టగా మారినపుడు కడ్డీకంటె ఎన్నో వేల రెట్లు మెత్తనిదగుచున్నది, బరువు మాత్రము తగ్గదు. మెత్తదనము హెచ్చి బరువు నిలిచిన చోట తరంగము నెమ్మదిగా నడచును. దీనిని కంటితో చూడవలెనన్న పిల్లలు ఆడుకొను రంగురంగుల స్ప్రింగుబొమ్మను ఇద్దరు నేలపై సాగదీసి పట్టుకొని, ఒకరు ఒక్క పోటు పొడువవలెను. ఆ పోటు ఎదుటివాని చేతికి పోయి తిరిగి వచ్చుట స్పష్టముగా కనబడును. మూడు మీటర్లు సాగదీసి పది రాకపోకలకు పట్టు కాలము కొలువుడు. ఐదు మీటర్లు సాగదీసి మరల కొలువుడు. దూరము పెరిగినను కాలము దాదాపు మారదు! విద్యార్థులు ముందుగా ఊహించి వ్రాసికొని, పిమ్మట కొలిచినపుడు ఈ ప్రయోగము ఎక్కువ రుచించును.

కారణము లెక్కలో కలదు. తరంగము స్ప్రింగు ఒక కొననుండి రెండవ కొనకు పోవు కాలము, స్ప్రింగు ద్రవ్యరాశిని దాని బలస్థిరాంకముతో భాగించి వర్గమూలము తీసినంత. ద్రవ్యరాశి గాని బలస్థిరాంకము గాని సాగదీసినంత మాత్రమున మారవు. మగ్గపు స్ప్రింగు ఒక సెంటీమీటరు సాగుటకు 6 కిలోల బరువు కావలసివచ్చినది, అనగా బలస్థిరాంకము మీటరుకు దాదాపు 5900 న్యూటన్లు. 0.15ను 5900తో భాగించి వర్గమూలము తీసిన 0.005 సెకను. గాలిలో ఇది 1.7 మీటర్ల దూరము. నేను పెద్ద హాలును కొనుచున్నాననుకొని బట్టల బీరువా అంత స్థలమును కొనితిని.

తూనిక లేకనే ఈ కాలమును కనుగొను ఉపాయము ఒకటి కలదు. చుట్లు ఎడముగా నుండు స్ప్రింగును మొదట బల్లపై పరచి పొడవు కొలువుడు. తరువాత ఒక కొనను పట్టి వ్రేలాడదీసి, తన బరువుచే ఎంత అదనముగా సాగినదో కొలువుడు. ఒక రాయి అంత ఎత్తునుండి నేల పడుటకు ఎంత కాలము పట్టునో, ఆ స్ప్రింగులో తరంగము ఒక కొననుండి మరొక కొనకు పోవుటకును అంతే పట్టును. ఒక మీటరు అదనముగా సాగిన స్ప్రింగునకు 0.45 సెకను. పైసూత్రము నుండి దీనిని రాబట్టుట పదవ తరగతి విద్యార్థికి కష్టము కాదు. స్ప్రింగు పైభాగము క్రింది బరువునంతయు మోయును, అడుగుభాగము ఏమియు మోయదు అను విషయము మరువకున్న చాలును.

సరియైన స్ప్రింగును మనమే చుట్టుకొనవచ్చును. తంబురాకు వాడు సన్నని ఉక్కుతీగ, 0.35 మిల్లీమీటరు మందముగలది, రెండున్నర మీటర్లు తీసికొనుడు. పెన్సిలు మీద బిగువుగా, చుట్టు చుట్టునకు మధ్య కొంచెము ఎడముంచి చుట్టుడు. తీగను విడిచిన వెంటనే అది కొంత విచ్చుకొనును. అందుచే పెన్సిలు 7 మిల్లీమీటర్లది అయినను స్ప్రింగు 8 మిల్లీమీటర్లకు వచ్చును. చివరి కొన చిమ్మి కంటికి తగులు ప్రమాదము కలదు కాబట్టి కొనలను ముందే వంచి ఉంచవలెను. ఇట్లు సుమారు 100 చుట్లు వచ్చును. బరువు రెండు గ్రాములే. 10 గ్రాముల బరువు తగిలించిన మూడు సెంటీమీటర్లకు పైచిలుకు సాగును. లెక్క చూడగా ఒక ప్రయాణమునకు 0.025 సెకను. ఈ కాలములో గాలిలో ధ్వని 8.5 మీటర్లు పోవును. అనగా అరచేతిలో పట్టు ఈ రెండు గ్రాముల తీగచుట్టలో దాదాపు తొమ్మిది మీటర్ల హాలు ఇమిడియున్నది. 200 చుట్లు చుట్టిన కాలము రెట్టింపగును. చుట్ల సంఖ్యతో కాలము సరిసమానముగా పెరుగును.

పలుచని అడుగుగల రెండు రేకుడబ్బాలు గాని కాగితపు గ్లాసులు గాని తీసికొని, అడుగున సన్నని రంధ్రము చేసి, స్ప్రింగు కొనలను దూర్చి, లోపల అగ్గిపుల్ల ముక్కకు చుట్టుడు. పిల్లల దారపు టెలిఫోనే ఇది, దారమునకు బదులు స్ప్రింగు. చుట్లు ఒకదానికొకటి తగులకుండ కొద్దిగా సాగదీసి, ఒకరు 'ట' అని పొట్టిగా పలుకగా రెండవవారు చెవిపెట్టి వినవలెను. ఒక్క 'ట' పోయి, వెనుక దాని తోక వచ్చును. తరంగము కొనకు చేరి, తిరిగి వచ్చి, మరల పోవుచున్నది. స్ప్రింగు ఒక కొన దగ్గర చిన్న దూదిపింజ చుట్టినచో తోక పొట్టియగును. మాట కొంత మూసికొనినట్లును, అంచున చివుక్కుమన్నట్లును ఉండును. ఎక్కువ కంపనములు గల ధ్వనులు ఇందులో బాగుగా సాగకపోవుటయు, వేరువేరు ధ్వనులు వేరువేరు సమయములకు చేరుటయు ఇందుకు కారణములు. జాతరలో పిల్లలకు అమ్ము ప్లాస్టిక్ మైకును విప్పి చూచిన లోపల ఇట్టి స్ప్రింగే కనబడును. నాసిరకపు బొమ్మ అని తీసిపారవేయరాదు, అందులోని భౌతికశాస్త్రము అసలైనది.

ఈ ఉపాయము పాటకొరకు పుట్టినది కాదు. అమెరికాలోని బెల్ టెలిఫోను పరిశోధనశాలలో దూరపు పిలుపులలో కలుగు ఆలస్యమును అనుకరించుటకు మొదట స్ప్రింగులను వాడిరి. లారెన్స్ హామండ్ అను ఆయన దానిని తన విద్యుత్ ఆర్గానులలో పెట్టెను. ఇండ్లలో, చిన్న ప్రార్థనామందిరములలో ఆర్గాను పొడిపొడిగా పలుకుచున్నదని కొనుగోలుదారులు గొణుగుటయే అందుకు కారణము. 1960 దశకములో గిటారు యాంప్లిఫయర్లలో స్ప్రింగుపెట్టె సామాన్యమైపోయినది. వాటిలోను ఆలస్యము సుమారు 30, 40 మిల్లీసెకన్లే. నేడు ఈ పనిని కంప్యూటరు లెక్కలతో చేయుచున్నది. అయినను ఆ లెక్క వ్రాయువారు రేకును, స్ప్రింగును పక్కన పెట్టుకొని పోల్చి చూచుట మానలేదు.

విద్యుత్తుతో చేయదలచిన పాఠశాలలు పాత రేడియోలోని చిన్న లౌడుస్పీకరు కాగితమునకు స్ప్రింగు ఒక కొనను అంటించి, రెండవ కొనను బజరులలో వాడు పీజో బిళ్లకు అతికించి, ఆ బిళ్ల తీగలను ప్రార్థనవేళ వాడు యాంప్లిఫయరు మైకు రంధ్రమునకు ఇయ్యవచ్చును. ధ్వనిని మొదట సున్న వద్ద నుంచి మెల్లగా పెంచవలెను. లేనియెడల కేకపుట్టి అందరి చెవులు పోవును.

పాటకు మేలు, పాఠమునకు కీడు

స్ప్రింగు డబ్బాతో ఇంకొక పని చేయుడు. ఒక విద్యార్థి డబ్బాలో 'తల, దళము, కల, గళము, పాలు, బాలుడు' అని వేగముగా చదువగా, రెండవవాడు విని వ్రాయవలెను. తరువాత స్ప్రింగు తీసి దారము కట్టి మరల అట్లే చేయుడు. స్ప్రింగుతో తప్పులు ఎక్కువ వచ్చును. అచ్చులు బలమైన ధ్వనులు, వాటి తోక పొడవు. హల్లులు పొట్టివి, బలహీనమైనవి. వెనుకటి అచ్చు తోక తరువాతి హల్లును కప్పివేయును. త, ద భేదము అక్కడ మాయమగును.

ఇదే పని మన తరగతి గది ప్రతిదినము చేయుచున్నది. జగిత్యాలలో గాని మరి ఏ ఊరిలో గాని ఉండు సామాన్యమైన సిమెంటు స్లాబు గదిని తీసికొందము: 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు. ఘనపరిమాణము 168 ఘనపు మీటర్లు, మొత్తము తలములు 194 చదరపు మీటర్లు. సబైన్ సూత్రము ప్రకారము ఘనపరిమాణమును 0.16తో గుణించి, గది మ్రింగు మొత్తముతో భాగించిన ప్రతినాద కాలము వచ్చును. గచ్చు తనపై పడిన ధ్వనిలో నూటికి మూడు వంతులే మ్రింగునని తీసికొనిన, కిటికీ తలుపులు మూసిన ఖాళీ గదికి 4.6 సెకన్లు! సబైన్‌ను పట్టి పీడించిన ఉపన్యాసశాలకు ఇది ఎంతో దూరము కాదు. తెరచిన కిటికీ తనపై పడిన ధ్వనినంతయు బయటికి పంపును కాబట్టి, నాలుగు కిటికీలు ఒక తలుపు తెరచిన, అనగా సుమారు 8 చదరపు మీటర్లు, కాలము 2 సెకన్లకు తగ్గును. 40 మంది విద్యార్థులు కూర్చుండిన, వారి బట్టలు ఒక్కొక్కటి 0.4 చదరపు మీటరు చొప్పున మ్రింగునని లెక్కించిన, 0.9 సెకను. అమెరికాలో 2002లో వచ్చిన ప్రమాణము ఇంతటి గదికి 0.6 సెకను మించరాదన్నది.

శ్రుతలేఖనములో వెనుక వరుస పిల్లవాడు 'దళము'ను 'తలము' అని వ్రాసినపుడు వానికి అక్షరములు రావని దండించుటకు ముందు, ఉపాధ్యాయుడు తానే వెనుక వరుసలో కూర్చుండి ఒకసారి వినుట మంచిది. చెవిలో కొంచెము లోపమున్న పిల్లలకు ఈ కష్టము మరింత ఎక్కువ. దళసరి నూలుగుడ్డను మడతలుపడునట్లు వెనుక గోడపైనను పక్కగోడలపైనను 20 చదరపు మీటర్ల మేర వ్రేలాడదీసిన, అది తనపై పడిన ధ్వనిలో సగము మ్రింగునని లెక్కించగా కాలము 0.7 సెకనుకు వచ్చును. సిరిసిల్ల ఉన్న ప్రాంతములో గుడ్డకు కొరత చెప్పనక్కరలేదు గదా. గోనెపట్టలను రెండు మూడు పొరలుగా కుట్టి, గోడకు జానెడు ఎడముగా కట్టినను కొంత మేలే. పలుచని గుడ్డను గోడకు అంటించిన ఫలితముండదు.

మరి షెడ్డు సంగతి? మన దేశపు కర్మాగారముల నిబంధనలలో రోజుకు 8 గంటలకు 90 డెసిబెల్లు హద్దు. మరమగ్గముల షెడ్లలో ధ్వని దీనిని దాటుట సామాన్యము. షెడ్డు మ్రింగు మొత్తమును రెట్టింపు చేసినచో గదిలో తిరుగు చప్పుడు 3 డెసిబెల్లు తగ్గును. కాని మనిషికి మూరెడు దూరములో నున్న మగ్గము నేరుగా చెవిలో కొట్టు దెబ్బను ఏ గుడ్డయు తగ్గింపజాలదు. అక్కడ చెవులలో పెట్టుకొను మెత్తని బిరడాలే దారి. నూలు దుమ్ము, నిప్పు భయము ఉన్నచోట గుడ్డలు వ్రేలాడదీయుటయు ఆలోచించవలసిన విషయమే.

అయినను షెడ్డు ప్రతినాద కాలమును కొలుచుటకు ఏమియు అడ్డులేదు. యజమాని అనుమతితో విద్యార్థి యొకడు చెవులలో బిరడాలు పెట్టుకొని, ఫోనులో రికార్డు పెట్టి షెడ్డు నడుమ నిలువవలెను. భోజనపు వేళకు మగ్గములన్నియు ఒక్కమారు ఆపించిన చాలును, కరెంటు పోవు వరకు వేచియుండనక్కరలేదు. ఆఖరి దెబ్బ నుండి గీత ఎట్లు దిగినదో ఇంటికి వచ్చి తెరపై చూడవచ్చును. 60 డెసిబెల్ల వరకు గీత దిగకముందే బయటి చప్పుడు అడ్డువచ్చును కాబట్టి, మొదటి 20 డెసిబెల్లు తగ్గుటకు పట్టిన కాలమును కొలిచి మూడుతో గుణించవలెను. పోల్చి చూచుటకు ఆ సాయంకాలమే తన ఖాళీ తరగతి గదిలో ఒక బుడగ పగులగొట్టి, దానిని కూడ రికార్డు చేసికొనవలెను.